సూపర్‌హీరో చిత్రాల్లో ప్రతినాయకుడు: పాత్రరచన, నటుల ఎంపిక - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

సూపర్‌హీరో చిత్రాల్లో కథానాయకుని శక్తులకు దక్కే శ్రద్ధ ప్రతినాయకుని పాత్రరచనకు అంతగా దక్కదు. ప్రతినాయకుడు ఎంత బలవంతుడు అన్నదానికంటే, కథానాయకుని ముందు అతడు ఉంచే ప్రశ్న ఎంత బలమైనది, ఆ ప్రశ్నకు కథ ఏ జవాబు చెప్పింది అన్నవే చిత్రం విలువను నిర్ణయిస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది. నటుని ఎంపిక ఆ ప్రశ్నకు రూపాన్నీ గొంతునూ ఇస్తుంది. ప్రశ్నే లేనిచోట ఆ లోటును ఎత్తిచూపుతుంది. ‘బ్లాక్ పాంథర్’ (2018), ‘మిన్నల్ మురళి’ (2021), ‘హను-మాన్’ (2024) చిత్రాల్లోని ప్రతినాయక పాత్రలను భారతీయ లాక్షణికుల అభిప్రాయాల వెలుగులో, తెలుగు పౌరాణిక, జానపద చిత్ర సంప్రదాయం నేపథ్యంలో విశ్లేషించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: సూపర్‌హీరో, ప్రతినాయకుడు, పాత్రరచన, పాత్రౌచిత్యం, నటుల ఎంపిక, దండి, భామహుడు.

1. ఉపోద్ఘాతం:

సూపర్‌హీరో కథ అమెరికన్ కామిక్ పుస్తకాల్లో పుట్టి, హాలీవుడ్ ద్వారా ప్రపంచమంతా వ్యాపించింది. గత కొన్నేళ్లలో భారతీయ భాషల్లోనూ ఈ తరహా చిత్రాలు గుర్తింపు పొందాయి. మలయాళంలో బేసిల్ జోసెఫ్ దర్శకత్వంలో వచ్చిన ‘మిన్నల్ మురళి’, తెలుగులో ప్రశాంత్ వర్మ దర్శకత్వంలో వచ్చిన ‘హను-మాన్’ వీటిలో ముఖ్యమైనవి. మానవాతీత శక్తి గల నాయకుడు తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. పౌరాణిక, జానపద చిత్రాలు అలాంటి నాయకులను దశాబ్దాలపాటు చూపించాయి. ఆ నాయకులకు దీటైన ప్రతినాయకులను కూడా తెలుగు తెర సృష్టించింది. అందువల్ల ఈ కొత్త కథల్లోని ప్రతినాయకులను అంచనా వేయడానికి తెలుగు ప్రేక్షకుని వద్ద ఇదివరకే ఒక కొలమానం ఉంది.

ఈ కథలకు సహజంగా ఒక ఇబ్బంది ఉంది. అసాధారణ శక్తి గల నాయకుడు చివరికి గెలుస్తాడని ప్రేక్షకునికి ముందే తెలుసు. కాబట్టి కుతూహలం గెలుపోటముల మీద నిలవదు. నాయకుడు ఎవరితో పోరాడుతున్నాడు, ఎందుకు పోరాడుతున్నాడు, గెలిచాక అతనిలో ఏ మార్పు వచ్చింది అన్న అంశాల మీద నిలుస్తుంది. ఈ మూడూ ప్రతినాయకునితో ముడిపడినవే.

2. లాక్షణికుల దృష్టిలో ప్రతినాయకుడు:

ధనంజయుడు దశరూపకంలో ప్రతినాయకుని లోభిగా, ధీరోద్ధతునిగా, మొండివానిగా, పాపకర్మునిగా, వ్యసనపరునిగా పేర్కొన్నాడు. ఇది స్వభావాన్ని తెలిపే లక్షణం. అతడు అలా ఎందుకు అయ్యాడన్నది ఈ లక్షణం పరిధిలోకి రాదు. దండి కావ్యాదర్శంలో ఈ విషయాన్ని కథన దృష్టితో చూశాడు. నాయకుని గుణాలను వర్ణించి అతనిచేత శత్రువును ఓడింపజేయడం ఒక పద్ధతి; శత్రువు వంశాన్ని, పరాక్రమాన్ని, విద్యను కూడా వర్ణించి, అటువంటి వానిని గెలిచిన నాయకుని ఔన్నత్యాన్ని చెప్పడం మరొక పద్ధతి. ఈ రెండో పద్ధతి కూడా ఆహ్లాదం కలిగిస్తుందని దండి అభిప్రాయం.

భామహుడు ఇక్కడ ఒక హెచ్చరిక చేశాడు. వంశ, వీర్య, విద్యాదులతో ఒకనిని ముందు నాయకునిగా నిలిపి, తర్వాత మరొకని గొప్పతనం చెప్పడం కోసం అతని వధను వర్ణించడం తగదన్నాడు. ఈ రెండు అభిప్రాయాలను కలిపి చూస్తే నేటి సూపర్‌హీరో చిత్రాలకు వర్తించే ఒక సమస్య స్పష్టమవుతుంది. ప్రతినాయకుని ఎంత ఉన్నతంగా చిత్రిస్తే నాయకుని విజయానికి అంత విలువ. అయితే ఆ చిత్రణ ఒక హద్దు దాటితే ప్రేక్షకుని హృదయం ప్రతినాయకుని వైపు వెళ్లిపోతుంది. అప్పుడు అతని చావు న్యాయంగా తోచదు.

తెలుగు చిత్రాలు ఈ సమస్యను రెండు విధాలుగా ఎదుర్కొన్నాయి. కె.వి.రెడ్డి దర్శకత్వం వహించిన ‘పాతాళభైరవి’ (1951)లో ఎస్.వి.రంగారావు ధరించిన మాంత్రికుని పాత్రకు గతం లేదు, ఫిర్యాదు లేదు. ఆశ ఉంది, దానికి తగిన తెలివి ఉంది. నటుని వాచికం, నడక, చూపు పాత్రకు నిండుదనం ఇచ్చాయి. క్రిస్టఫర్ నోలన్ ‘ది డార్క్ నైట్’ (2008)లో జోకర్ పాత్ర కూడా ఈ కోవకు చెందుతుంది. తన ముఖం మీది గాట్లకు జోకర్ రెండుచోట్ల రెండు వేర్వేరు కథలు చెబుతాడు. కాబట్టి అతనికి ఏ గతమూ లేనట్టే. ప్రేమకథల్లో కనిపించిన హీత్ లెడ్జర్‌ను ఈ పాత్రకు ఎంచుకున్నప్పుడు అభిమానుల్లో వ్యతిరేకత వచ్చింది. మరణానంతరం ఆయనకు ఈ పాత్రకే ఉత్తమ సహాయనటుడిగా ఆస్కార్ లభించింది.

రెండో విధానానికి ‘దానవీరశూరకర్ణ’ (1977) ఉదాహరణ. ఇందులో ఎన్.టి.రామారావు శ్రీకృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు మూడు పాత్రలనూ ధరించారు. కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణల్లో దుర్యోధనుడు కులాన్ని గురించి పెద్దలను నిలదీస్తాడు. పుట్టుకను బట్టి కర్ణుని అర్హతను తేల్చేవారిని వారి పుట్టుకలను గుర్తుచేసి ప్రశ్నిస్తాడు. ధనంజయుడు చెప్పిన లక్షణాలన్నీ ఉన్నా ఆ ఘట్టంలో దుర్యోధనుని ప్రశ్న న్యాయమైనది. దానిని అడిగే ముఖం, యుద్ధాన్ని నడిపించే కృష్ణుని ముఖం ఒకటే కావడం వల్ల ప్రేక్షకుడు ఆ ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చలేడు. నటుని ఎంపిక ఇక్కడ పాత్రరచనలో భాగమైంది.

3. కిల్‌మంగర్ - జవాబు పొందిన ప్రశ్న:

రయాన్ కూగ్లర్ దర్శకత్వంలో వచ్చిన ‘బ్లాక్ పాంథర్’లో వకాండా అనే కల్పిత ఆఫ్రికన్ దేశం తన సంపదను, విజ్ఞానాన్ని ప్రపంచానికి తెలియకుండా దాచుకుంటుంది. ఆ దేశపు రాజు టి'చాకా 1992లో అమెరికాలోని ఓక్‌లాండ్‌లో తన సొంత తమ్ముణ్ని చంపి, అతని కొడుకును అక్కడే వదిలి వెళ్తాడు. ఆ పిల్లవాడు పెరిగి కిల్‌మంగర్ అవుతాడు. అతని ప్రశ్న సూటిగా ఉంటుంది. ప్రపంచమంతా నల్లజాతివారు అణచివేతకు గురవుతుంటే, వారిని కాపాడగలిగిన వకాండా ఎందుకు మౌనంగా ఉంది?

ఈ ప్రశ్న కథాంశం నుండి పుట్టింది. వకాండా వైభవాన్ని చూసి ప్రేక్షకుడు ఆనందించిన తర్వాతే, ఆ వైభవం ఎవరిని వదిలేసి నిలబడిందో కిల్‌మంగర్ గుర్తుచేస్తాడు. లండన్ మ్యూజియం సన్నివేశంలో ఆఫ్రికా నుండి తెచ్చిన వస్తువులకు మీ పూర్వీకులు సరైన వెల చెల్లించారా అన్న అర్థంలో అతడు అడిగే ప్రశ్న చిత్రం బయటి చరిత్రకు కూడా చెందుతుంది. వంశం, వీర్యం, విద్య మూడూ కిల్‌మంగర్‌కు ఉన్నాయి. రాజవంశీకుడు, సైనిక శిక్షణ పొందినవాడు, చదువుకున్నవాడు. దండి చెప్పిన రెండో పద్ధతికి ఈ పాత్ర చక్కగా సరిపోతుంది.

మైఖేల్ బి. జోర్డాన్ ఎంపిక ఈ ప్రశ్నకు అదనపు బలాన్నిచ్చింది. కూగ్లర్ తొలి చిత్రం ‘ఫ్రూట్‌వేల్ స్టేషన్’ (2013)లో జోర్డాన్ ఆస్కార్ గ్రాంట్ పాత్ర పోషించాడు. 2009 జనవరి 1న ఓక్‌లాండ్‌లోని రైల్వే స్టేషన్‌లో పోలీసు కాల్పులకు బలైన యువకుడు ఆస్కార్ గ్రాంట్. అదే నటుడు, అదే దర్శకుడు, అదే ఊరు మళ్లీ కలిసినప్పుడు పాత చిత్రం చూసిన ప్రేక్షకునికి ఓక్‌లాండ్ బాలుని కథ కల్పన అనిపించదు. నటుడు గతంలో ధరించిన పాత్ర కొత్త పాత్రకు మాటల్లో రాయని గతాన్ని సమకూర్చింది.

ఈ పాత్రలో లోపం లేకపోలేదు. కిల్‌మంగర్ తన వెంట ఉన్న స్త్రీని నిర్దాక్షిణ్యంగా చంపుతాడు. వనాన్ని కాపాడే వృద్ధురాలి గొంతు పట్టుకుంటాడు. ఆ వనాన్నే తగలబెట్టిస్తాడు. హింసలో పెరిగినవాడు హింసనే నమ్ముకున్నాడని దీనికి సమర్థన చెప్పవచ్చు. అయినా ప్రశ్న బలంగా ఉన్నప్పుడు అడిగినవానిని క్రూరునిగా చూపి, ప్రేక్షకుని సానుభూతికి అడ్డుకట్ట వేసే ధోరణి ఇందులో కనిపిస్తుంది. భామహుని హెచ్చరికను రచయితలు ఇలా దాటారు.

చిత్రాన్ని నిలబెట్టింది నాయకుని స్పందన. టి'చల్లా పితృలోకంలో తండ్రిని, పూర్వ రాజులను ఎదిరించి, ప్రపంచం నుండి ముఖం తిప్పుకొని మీరు తప్పు చేశారని చెబుతాడు. కిల్‌మంగర్‌ను ఓడించినా అతని ప్రశ్నను స్వీకరిస్తాడు. చివర ఓక్‌లాండ్‌లో, బాబాయి చనిపోయిన భవనం వద్దే, వకాండా తొలి సహాయ కేంద్రం నెలకొల్పుతానంటాడు. కిల్‌మంగర్ కోరిన ఆయుధాలను తిరస్కరించినా, అతడు కోరిన బాధ్యతను అంగీకరిస్తాడు. ప్రతినాయకుని వల్ల నాయకుడు మారాడు. దండి చెప్పిన నాయకోత్కర్షకు ఇక్కడ కొత్త అర్థం వచ్చింది. శత్రువును గెలవడంతో పాటు శత్రువు నుండి నేర్చుకోవడం కూడా నాయకుని ఔన్నత్యమే.

4. షిబు - జవాబు లేని ప్రశ్న:

‘మిన్నల్ మురళి’ కథ కేరళలోని కురుక్కన్‌మూల అనే కల్పిత గ్రామంలో, 1990ల నాటి వాతావరణంలో జరుగుతుంది. దర్జీ పని చేసే జెయ్‌సన్‌కు, టీ దుకాణంలో పని చేసే షిబుకు ఒకే రాత్రి పిడుగు తగిలి ఒకే శక్తి వస్తుంది. ఇద్దరూ ప్రేమలో దెబ్బతిన్నవారే. మొదట ఇద్దరూ తమ శక్తిని సొంత పనులకే వాడుకుంటారు. అయితే జెయ్‌సన్ ఊరు విడిచి అమెరికా వెళ్లాలనుకుంటాడు. షిబు ఆ ఊళ్లోనే కాస్త చోటు దొరికితే చాలనుకుంటాడు. వెళ్లాలనుకున్నవాడు రక్షకుడు అవుతాడు, ఉండాలనుకున్నవాడు శత్రువు అవుతాడు. కథలోని విషాదమంతా ఈ వైరుధ్యంలో ఉంది.

ఇద్దరినీ వేరుచేసింది స్వభావం కంటే పరిసరం. జెయ్‌సన్‌కు తండ్రి ఉన్నాడు, అక్క ఉంది. సూపర్‌హీరో అంటే ఏమిటో చెప్పి, శక్తిని ఎలా వాడాలో నేర్పే మేనల్లుడు జోస్‌మోన్ ఉన్నాడు. షిబుకు ఎవరూ లేరు. ఊరు అతనికి పిచ్చివాడని ముద్ర వేసింది. చిన్ననాటి నుండి ప్రేమించిన ఉష ఒక్కతే అతని లోకం. ఆమె కూతురి శస్త్రచికిత్సకు డబ్బు కావలసి వచ్చినప్పుడు బ్యాంకును దోచుకుంటాడు. అడ్డొచ్చినవారి ప్రాణాలు తీస్తాడు. ఇరవై ఎనిమిదేళ్ల నిరీక్షణ తర్వాత ఉష అతన్ని అంగీకరించే సన్నివేశం ప్రతినాయకునికి దక్కిన అరుదైన శృంగార ఘట్టం. ఆ వెంటనే ఊరివాళ్లు పెట్టిన నిప్పులో ఉష, ఆమె కూతురు చనిపోతారు. షిబు పగ అక్కడి నుండి మొదలవుతుంది.

ఈ పాత్రకు గురు సోమసుందరం ఎంపిక విశేషమైనది. చెన్నైలోని కూత్తుప్పట్టరై నాటక బృందంలో తయారైన తమిళ నటుడాయన. ‘జోకర్’ (2016) అనే తమిళ చిత్రంలో దేశానికి తానే రాష్ట్రపతినని ప్రకటించుకున్న మన్నర్ మన్నన్ పాత్ర ధరించారు. ఊరికి పిచ్చివాడిలా కనిపించే ఆ మనిషి వెనుక అచేతనంగా పడి ఉన్న భార్య, ఆమెను ఆ స్థితికి తెచ్చిన వ్యవస్థ ఉన్నాయి. షిబులోనూ ఇదే అంతస్సూత్రం ఉంది. సన్నని దేహం, ఒదిగి నడిచే నడక, ఏడుపుకూ నవ్వుకూ మధ్య నిలిచిపోయే ముఖం కలిగిన ఈ నటుడు కథానాయకుడు టొవినో థామస్ దృఢమైన ఆకారానికి పూర్తిగా భిన్నుడు. కండబలం గల విలన్ నాయకుని ఢీకొనాలన్న వాడుకను ఈ ఎంపిక పక్కన పెట్టింది. షిబు భయపెట్టడానికి ముందే జాలి కలిగిస్తాడు.

పాత్రరచన, నటన రెండూ ఇంత బాగా కుదిరిన చోటే చిత్రం భామహుని హెచ్చరికకు చిక్కింది. షిబు ప్రశ్న ఊరిని ఉద్దేశించినది. ఒక మనిషిని జీవితమంతా వెలివేసి, అతనికి దక్కిన ఒక్క సంతోషాన్నీ కాల్చేసిన ఊరికి శిక్ష ఏమిటి? ఈ ప్రశ్నకు జెయ్‌సన్ వద్ద జవాబు లేదు. అతడు ఊరిని కాపాడతాడు, షిబును చంపుతాడు, ఊరు అతనికి జేజేలు పలుకుతుంది. నిప్పు పెట్టిన చేతులు, చప్పట్లు కొట్టిన చేతులు ఒకటే. ఈ విషయాన్ని చిత్రం గుర్తించినట్టు కనిపించదు. టి'చల్లా తన పూర్వీకులను నిలదీశాడు. జెయ్‌సన్ తన ఊరిని నిలదీయలేదు. అందుకే చిత్రం ముగిశాక ప్రేక్షకుని మనసులో మిగిలేది నాయకుని విజయం కంటే షిబు ముఖమే. దీనిని పాత్రరచన విజయంగా భావించవచ్చు. కథ ముగింపులోని లోపంగా కూడా గుర్తించాలి.

5. మైఖేల్ - మధ్యలో వదిలేసిన ప్రశ్న:

2024 సంక్రాంతికి విడుదలైన ‘హను-మాన్’ అంజనాద్రి అనే కల్పిత గ్రామంలో జరిగే కథ. చిల్లర దొంగతనాలు చేసే హనుమంతు (తేజ సజ్జా)కు దివ్యమణి దొరికి బలం వస్తుంది. ప్రతినాయకుడు మైఖేల్ (వినయ్ రాయ్) పరిచయం ఆసక్తికరంగా ఉంటుంది. సూపర్‌హీరో కావాలని కలలుగనే పిల్లవాడు, సూపర్‌హీరోలకు తల్లిదండ్రులు ఉండరని గ్రహించి తన తల్లిదండ్రులనే చంపుకుంటాడు.

ఇది గొప్ప ఊహ. అమెరికన్ సూపర్‌హీరో కథల్లో బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ అందరూ తల్లిదండ్రులను పోగొట్టుకున్నవారే. ఆ కథా సంప్రదాయాన్ని అక్షరాలా అనుసరించిన పిల్లవాడు హంతకుడు కావడంలో పదునైన వ్యంగ్యం ఉంది. వీరత్వం అంటే మంచి చేయడమా, మంచివాడిగా కనిపించడమా అన్న ప్రశ్న ఈ పాత్ర నుండి సహజంగా రావాలి. దానికి ఎదురుగా, అనుకోకుండా శక్తి పొందిన, అక్క అంజమ్మ (వరలక్ష్మి శరత్‌కుమార్) పెంపకంలో ఎదిగిన హనుమంతు ఉన్నాడు. ఒకడు శక్తి కోసం తల్లిదండ్రులను తెంచుకున్నవాడు, మరొకడు అక్క నీడలో బతికేవాడు. ఇంత మంచి సామ్యం సిద్ధంగా ఉన్నా కథ దానిని వాడుకోలేదు. పెద్దయిన మైఖేల్ మణిని కోరే సాధారణ దురాశాపరునిగా మిగులుతాడు. హనుమంతును అతడు ఏమీ అడగడు. హనుమంతు అతని నుండి ఏమీ నేర్చుకోడు.

కథలో నిజమైన సామాజిక ప్రశ్న పాలెగాడు గజపతి (రాజ్ దీపక్ శెట్టి) వైపు ఉంది. రక్షణ పేరుతో ఊరి మీద పెత్తనం చేసే అతన్ని మీనాక్షి (అమృతా అయ్యర్) ప్రశ్నిస్తుంది. ఊరివాళ్లు ఎవరి భయంతో ఎవరికి లొంగి ఉన్నారన్న ఈ అంశం ఊరి కథకు ప్రాణం. మైఖేల్ రాకతో అది వెనక్కి వెళ్లిపోయింది. ఊరి నుండి పుట్టిన ప్రతినాయకుని స్థానంలో బయటి నుండి వచ్చిన ప్రతినాయకుడు నిలిచాడు. కథ స్థాయి పెరిగినట్టు కనిపించినా బలం తగ్గింది. చివరికి దైవం కదిలివచ్చే ఘట్టం భక్తిరసాన్ని పోషిస్తుంది. దాని ముందు ఏ ప్రతినాయకుడైనా చిన్నవాడే. అయితే పోతన భాగవతంలో నరసింహావతారానికి ముందు హిరణ్యకశిపుని తపస్సు, వరాలు, లోకాధిపత్యం విపులంగా వర్ణితమయ్యాయి. దైవం దిగిరావలసినంత శత్రువును ముందు నిర్మించాలన్న ఔచిత్యం మన కావ్యసంప్రదాయంలోనే ఉంది.

వినయ్ రాయ్ ‘వాన’ (2008) చిత్రంలో కథానాయకునిగా తెలుగు ప్రేక్షకులకు పరిచయమయ్యారు. తర్వాత ‘తుప్పరివాలన్’ (2017), ‘డాక్టర్’ (2021) వంటి తమిళ చిత్రాల్లో చల్లగా, నాగరికంగా కనిపించే విలన్‌గా పేరు పొందారు. ఒకప్పటి కథానాయకుని ముఖం, వీరునిగా కనిపించాలని తపించే పాత్రకు తగినదే. ఎంపికలో ఔచిత్యం ఉంది. ఆ ఔచిత్యాన్ని అందుకునే సన్నివేశాలు రాయలేదు. పొడుగైన ఆకారం, నల్లని దుస్తులు, యంత్రకవచం తెర మీద నిలిచాయి. తల్లిదండ్రులను చంపిన పిల్లవాడు ఆ కవచం లోపల ఎక్కడున్నాడో ప్రేక్షకునికి తెలియదు. నటుడు తప్పుగా నటించాడనడానికి ఆధారం లేదు. నటించడానికి తగిన సందర్భం దొరకలేదు. మాంత్రికునికో జోకర్‌కో ఉన్నట్టు మాటల చమత్కారమో, కిల్‌మంగర్‌కు ఉన్నట్టు ఫిర్యాదో ఉండి ఉంటే ఇదే నటుడు ఇదే పాత్రను నిలబెట్టగలిగేవాడు.

6. నటుల ఎంపిక - కొన్ని పరిశీలనాంశాలు:

పై మూడు పాత్రల నుండి నటుల ఎంపికకు సంబంధించి మూడు విషయాలు తేలుతున్నాయి.

మొదటిది, నటుని పూర్వపాత్రల జ్ఞాపకం. జోర్డాన్, సోమసుందరం విషయంలో ఈ జ్ఞాపకం పాత్రకు లోతునిచ్చింది. వినయ్ రాయ్ విషయంలో అది పాత్ర రూపాన్ని ముందే తెలిపే సంకేతంగా మాత్రమే పనిచేసింది.

రెండోది, ఆకారం. ప్రతినాయకుని ఆకారం నాయకునితో పోటీ పడటమే ఎంపికకు ఏకైక ప్రమాణం కానక్కర్లేదు. నాయకుని కథలో లేనిదేదో ప్రతినాయకుని ముఖంలో కనిపించాలి. టొవినో థామస్ పక్కన గురు సోమసుందరం దీనికి మంచి ఉదాహరణ.

మూడోది, భాష. తెలుగు చిత్రాల్లో తెలుగేతర నటులను విలన్ పాత్రలకు తీసుకొని వేరొకరి గొంతు జోడించడం చాలాకాలంగా ఉంది. ప్రతినాయకుడు కొట్టడానికి మాత్రమే ఉన్నప్పుడు ఈ పద్ధతి సరిపోవచ్చు. అతడు ప్రశ్న అడగవలసినవాడైతే గొంతు అరువుది కాకూడదు. రంగారావు మాంత్రికుడు, రామారావు దుర్యోధనుడు నేటికీ తెలుగువారి నోళ్లలో ఉండటానికి వారి వాచికమే ప్రధాన కారణం. కిల్‌మంగర్ అమెరికన్ యాస కూడా వకాండావాసుల యాస మధ్య ఒంటరిగా వినిపించి, అతడు ఆ దేశానికి ఎంత దూరంగా పెరిగాడో తెలుపుతుంది. తమిళుడైన సోమసుందరం షిబు పాత్ర కోసం మలయాళం నేర్చుకున్నారు. పరభాషా నటుని ఎంపిక తప్పు కాదని, పాత్ర భాషను అతడు సొంతం చేసుకోవాలని ఈ ఉదాహరణ తెలుపుతోంది.

7. ముగింపు:

సూపర్‌హీరో కథలో నాయకుని శక్తి ఎక్కడిదైనా, దానిని ఎవరి కోసం వాడాలన్న ప్రశ్న మాత్రం ప్రతినాయకుని నుండే వస్తుంది. ‘బ్లాక్ పాంథర్’లో ఆ ప్రశ్న వినిపించింది, నాయకుడు జవాబు చెప్పాడు. ‘మిన్నల్ మురళి’లో ప్రశ్న మరింత ఆర్ద్రంగా వినిపించింది, జవాబు రాలేదు. ‘హను-మాన్’లో ప్రశ్న మొలకెత్తి ఆగిపోయింది.

ఈ తేడా కేవలం కథనశిల్పానికి చెందినది కాదు. ఈ చిత్రాల ప్రేక్షకుల్లో పిల్లలు, యువకులు ఎక్కువ. అన్యాయానికి గురైనవాని గోడును విలన్ నోట పలికించి, చివరికి విలన్‌తో పాటు ఆ గోడును కూడా పాతిపెడితే, ఫిర్యాదు చేసేవాడే ప్రమాదకారి అన్న భావన వారిలో బలపడే అవకాశం ఉంది. వధ తర్వాత కూడా ప్రశ్న బతికి ఉండి నాయకుని మార్చగలిగితే, శక్తికి బాధ్యత తోడవుతుంది.

తెలుగులో పురాణగాథల ఆధారంగా సూపర్‌హీరో చిత్రాలు వస్తున్న ఈ సమయంలో రచయితలకు దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, రావణుడు వంటి పూర్వ నమూనాలు చేరువలోనే ఉన్నాయి. వారి కిరీటాలను, కవచాలను తీసుకోవడం సులభం. వారు సభలో నిలబడి అడిగిన ప్రశ్నలను కూడా తీసుకొని, వాటిని అడగగల గొంతు ఉన్న నటులను ఎంచుకున్నప్పుడే తెలుగు సూపర్‌హీరోకు దీటైన ప్రతినాయకుడు లభిస్తాడు.